ఖాళీ సెలైన్ బాటిల్ ఖరీదు ఎంత?

"సిస్టరమ్మా, ఆ ఖాళీ బాటిల్ పారేస్తారు కదా, మాకిచ్చేయకూడదా?"

మా వార్డుల్లో తరచూ వినిపించే మాట ఇది. కొందరు ఇంట్లో నూనె పోసుకోవడానికి అడుగుతారు. కొందరు పెరట్లో మొక్కలకు చుక్క చుక్కగా నీళ్లు పెట్టడానికి అడుగుతారు. ఈమధ్య ఒక మామ్మగారు, మనవడికి జ్వరం తగ్గి ఇంటికి వెళ్లే రోజున, అలాగే అడిగారు. "కుదరదు మామ్మగారూ, అది ఎర్ర సంచిలోనే వేయాలి" అని మా సిస్టర్ చెప్పింది. ఆమె బాటిల్‌ను వేలితో నొక్కి చూసి, "గట్టిగా ఉంది, ఎక్కడా చిల్లు లేదు. ఒక్కసారి వాడి అవతల పడేస్తారా? దీన్ని చేసినవాళ్లకి కష్టం కాలేదా?" అన్నారు.

ఎర్ర సంచి గురించి మేము చెప్పగలిగాం. రెండో ప్రశ్నకు మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ప్లాస్టిక్ పారేశాక ఏమవుతుందో మనం చాలాసార్లు విన్నాం. కాలువలు పూడిపోవడం, ఆవులు సంచులు తినడం అందరికీ తెలిసిందే. కానీ అది మన చేతికి రాకముందు ఎలా తయారవుతుంది, ఆ తయారీకి ఎవరు ఏమి చెల్లిస్తున్నారు అన్నది తక్కువమందికి తెలుసు. ఈ సంచికలో ఆ సంగతి చూద్దాం.

మంచం చుట్టూ నాలుగు ప్లాస్టిక్‌లు

మనం 'ప్లాస్టిక్' అని ఒకే మాట వాడతాం. నిజానికి అవి చాలా రకాలు. ఒక రోగి మంచం పక్కన నిలబడి చూస్తే చాలు, నాలుగు రకాలు కనబడతాయి.

సెలైన్ బాటిల్ సాధారణంగా పాలిథిన్‌తో చేస్తారు. సిరంజి గొట్టం పాలీప్రొపిలీన్. సెలైన్ ఎక్కే మెత్తని గొట్టం, రక్తం సంచి ఎక్కువగా పీవీసీతో చేసినవి. ఇన్సులిన్ గానీ రక్త నమూనాలు గానీ ఐసు పెట్టి తెచ్చే తెల్లని థర్మోకోల్ పెట్టె పాలీస్టైరీన్. నాలుగూ వేర్వేరు కర్మాగారాల నుంచి వస్తాయి. కానీ నాలుగింటి మూలం ఒక్కటే. అది ముడి చమురు, సహజ వాయువు.

నేల అడుగు నుంచి బాటిల్ దాకా

మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా ఇతర దేశాల నుంచి ఓడల్లో వస్తుంది. దాన్ని శుద్ధి కర్మాగారంలో వేడి చేసి, పెట్రోలు, డీజిలు, కిరోసిన్‌గా విడదీస్తారు. మన విశాఖపట్నంలో 1957 నుంచి అలాంటి కర్మాగారం ఉంది. ఇలా విడదీసేటప్పుడు నాఫ్తా అనే తేలికైన ద్రవం కూడా వస్తుంది. ప్లాస్టిక్‌కు ముఖ్యమైన ముడిసరుకుల్లో ఇదొకటి.

పానిపట్, హాల్దియా వంటి చోట్ల ఉన్న పెద్ద పెట్రోకెమికల్ కర్మాగారాల్లో నాఫ్తాను ఆవిరితో కలిపి 800 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి చేస్తారు. మన ఇంట్లో నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర. ఆ వేడికి నాఫ్తాలోని పెద్ద అణువులు తెగి, ఇథిలీన్, ప్రొపిలీన్ అనే చిన్న వాయువులుగా మారతాయి.

తర్వాత జరిగేది పూలదండ కట్టడం లాంటిది. ఇథిలీన్ అణువు ఒక్క మల్లెపువ్వు అనుకోండి. అలాంటి వేల పూలను వరుసగా గుచ్చితే వచ్చే పొడవాటి దండ పాలిథిన్. 'పాలీ' అంటే 'అనేకం' అని అర్థం. 1933లో ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేరే ప్రయోగం చేస్తుండగా, అనుకోకుండా మైనం లాంటి తెల్లని పదార్థం మిగిలింది. అదే మొదటి పాలిథిన్. సెలైన్ బాటిల్‌కు వాడే మెత్తని పాలిథిన్ చేయడానికి ఈనాటికీ విపరీతమైన ఒత్తిడి కావాలి. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి వెయ్యి నుంచి మూడు వేల రెట్లు అన్నమాట.

ఇలా తయారైన ప్లాస్టిక్‌ను సగ్గుబియ్యం గింజలంత గుళికలుగా కోసి, సంచుల్లో నింపి, ఊరూరా ఉన్న చిన్న ఫ్యాక్టరీలకు పంపుతారు. సెలైన్ ఫ్యాక్టరీలో ఆ గుళికలు మళ్లీ కరిగి గొట్టంలా కిందికి దిగుతాయి. అచ్చులో పెట్టి గాలి ఊదితే బాటిల్ ఆకారం వస్తుంది. అదే యంత్రం అప్పటికప్పుడు సెలైన్ నింపి, మూతి కరిగించి మూసేస్తుంది. మనిషి చెయ్యి తగలదు. అందుకే అది సూక్ష్మక్రిములు లేకుండా మన దగ్గరకు వస్తుంది.

గాలికి, వాతావరణానికి పడే ఖర్చు

ఇంత వేడి, ఇంత ఒత్తిడి ఊరికే రావు. ఒక కిలో పాలిథిన్ తయారు కావాలంటే, ముడిసరుకు, ఇంధనం రెండూ కలిపి చూస్తే సుమారు రెండు కిలోల చమురుకు సమానమైనది ఖర్చవుతుంది. అందులో దాదాపు సగం ప్లాస్టిక్‌గా మారుతుంది. మిగతాది ఆ దారిలోనే మండిపోతుంది. దానివల్ల రమారమి రెండు కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. అంటే ఆ బాటిల్ మన వార్డుకు రాకముందే, దాని బరువుకు రెట్టింపు పొగ ఎక్కడో వదిలి వచ్చిందన్నమాట.

1950లో ప్రపంచమంతా కలిపి సుమారు 20 లక్షల టన్నుల ప్లాస్టిక్ తయారైంది. 2019 నాటికి వాడకం సుమారు 46 కోట్ల టన్నులకు చేరింది. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారం, 2019లో భూమిని వేడెక్కించే వాయువుల్లో 3.4 శాతం ప్లాస్టిక్‌ల వల్ల వచ్చాయి. అందులో దాదాపు 90 శాతం తయారీ దశలోనే విడుదలయ్యాయి. చెత్త వల్ల వచ్చేది మిగతా కొద్ది భాగమే. ప్లాస్టిక్ వ్యర్థాల్లో తిరిగి కొత్త వస్తువుగా మారేది 9 శాతమేనని కూడా అదే నివేదిక చెప్పింది. కాబట్టి "వాడిన తర్వాత రీసైక్లింగ్‌కు ఇచ్చేస్తున్నాం కదా" అనుకుంటే సరిపోదు. ఖర్చులో పెద్ద భాగం అప్పటికే అయిపోయింది.

కార్మికులు చెల్లించిన వెల

ఇప్పుడు పీవీసీ గొట్టం సంగతి చూద్దాం. పీవీసీని వినైల్ క్లోరైడ్ అనే వాయువుతో చేస్తారు. చాలాకాలం ఆ వాయువును పెద్ద ప్రమాదకారి అనుకోలేదు. పెద్ద పెద్ద పాత్రల్లో పీవీసీ తయారయ్యాక, గోడలకు అంటుకున్న గట్టి పదార్థాన్ని కార్మికులు లోపలికి దిగి చేతులతో గీకి శుభ్రం చేసేవారు. అక్కడ మిగిలిన వాయువును వారు పీల్చేవారు.

అమెరికాలోని లూయీవిల్ అనే ఊరిలో బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీ కర్మాగారం ఉండేది. అక్కడి కార్మికులను చూసే వైద్యుడు డాక్టర్ జాన్ క్రీచ్ ఒక విషయం గమనించారు. చాలా అరుదుగా వచ్చే ఒక రకం కాలేయ కేన్సర్, కాలేయంలోని రక్తనాళాల్లో పుట్టేది, ఆ ఒక్క కర్మాగారంలోనే ముగ్గురికి వచ్చింది. మామూలుగా ఒక డాక్టరు జీవితకాలంలో అలాంటి కేసు ఒక్కటి కూడా చూడకపోవచ్చు. 1974 జనవరిలో ఈ విషయం బయటపడింది. అంతకుముందు పది లక్షల పాళ్ల గాలిలో 500 పాళ్ల వరకు ఆ వాయువు ఉండవచ్చని నిబంధన ఉండేది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం దాన్ని 1 పాలుకు తగ్గించింది. నేడు వినైల్ క్లోరైడ్ మనుషుల్లో కేన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థాల జాబితాలో ఉంది.

ఇది చదివి రోగులు భయపడనవసరం లేదు. మీ చేతికి పెట్టిన గొట్టం, ఆ వాయువు ఒకటి కాదు. వాయువు గట్టి ప్లాస్టిక్‌గా మారిపోయాకే గొట్టం అవుతుంది. ప్రమాదం ముఖ్యంగా దాన్ని తయారు చేసిన చోట ఉంది.

ఆర్.ఆర్. వెంకటాపురం, 2020 మే 7

థర్మోకోల్ కథ మనకు మరీ దగ్గర. విశాఖపట్నం గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో ఒక కర్మాగారం మొదలైంది. 1997లో అది ఎల్‌జీ కంపెనీ చేతికి వచ్చి, ఎల్‌జీ పాలిమర్స్ అయింది. స్టైరీన్ అనే ద్రవం నుంచి పాలీస్టైరీన్ తయారు చేయడం అక్కడి పని. మొదట్లో ఊరి శివారున ఉన్న ఆ కర్మాగారం చుట్టూ, కాలక్రమంలో ఇళ్లు దగ్గరగా వచ్చేశాయి.

స్టైరీన్‌ను ఎప్పుడూ చల్లగా ఉంచాలి. అది వెచ్చబడితే తనంతట తానే దండలుగా కట్టుకోవడం మొదలుపెడుతుంది. అలా కట్టుకున్నప్పుడు ఇంకా వేడి పుడుతుంది. ఆ వేడికి మరింత వేగంగా కట్టుకుంటుంది. దీన్ని ఆపడానికి చల్లబరిచే యంత్రాలు నడుపుతూ, నిరోధక రసాయనం కలుపుతూ ఉండాలి.

కరోనా లాక్‌డౌన్ వల్ల 2020 మార్చి చివరి నుంచి ఆ కర్మాగారంలో ఉత్పత్తి ఆగింది. ట్యాంకులో స్టైరీన్ మాత్రం అలాగే నిల్వ ఉంది. మే 7 తెల్లవారుజామున సుమారు 3 గంటలకు ట్యాంకు వేడెక్కి, ఆవిరి బయటకు వచ్చింది. స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువైనది. పైకి పోకుండా నేలబారుగా ఇళ్లలోకి పాకింది. జనం నిద్రలో ఉన్నారు. కళ్లు మండి, ఊపిరి అందక లేచినవారు చీకట్లో పరుగులు తీశారు. పరుగెత్తుతూనే కొందరు రోడ్డు మీద స్పృహ తప్పి పడిపోయారు. 12 మంది చనిపోయారు. వారిలో పిల్లలు కూడా ఉన్నారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. పశువులు కట్టుకొయ్యల దగ్గరే చచ్చిపోయాయి.

రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జూలైలో నివేదిక ఇచ్చింది. సాయంత్రం అయ్యేసరికి చల్లబరిచే యంత్రాలు ఆపేయడం, ట్యాంకు అడుగున మాత్రమే ఉష్ణోగ్రత కొలవడం, నిరోధక రసాయనం చాలినంత లేకపోవడం వంటి లోపాలను అది ఎత్తి చూపింది. ప్రమాదం జరిగినప్పుడు సైరన్ మోగలేదని కూడా చెప్పింది. చనిపోయినవారి కుటుంబాలకు ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున ఇచ్చింది.

మనం థర్మోకోల్ ప్లేటును రెండు రూపాయల వస్తువు అనుకునేవాళ్లం. క్రిస్మస్‌కు పశువుల పాక, నక్షత్రం, పుట్టినరోజుకు పేర్లు, అన్నీ థర్మోకోల్‌తోనే కోసేవాళ్లం. ఫలానా ప్లేటు వెంకటాపురం సరుకుతోనే చేశారని మేము అనడం లేదు. కానీ ఏ థర్మోకోల్ అయినా స్టైరీన్ నుంచే రావాలి. ఆ స్టైరీన్ ఎవరో ఒకరి ఇంటి పక్కన నిల్వ ఉండాలి. ఈ ఖర్చు రెండు రూపాయల బిల్లులో ఎక్కడా కనబడదు.

వస్తువు కాకముందే సముద్రం పాలు

తయారీకి ఇంకో ఖర్చు కూడా ఉంది. పైన చెప్పిన గుళికలు ఫ్యాక్టరీకి వెళ్లే దారిలో ఒలికిపోతాయి. 2021లో ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే ఓడ శ్రీలంకలోని కొలంబో దగ్గర తగలబడి మునిగినప్పుడు, సుమారు 1,680 టన్నుల గుళికలు సముద్రంలో కలిశాయి. తీరం మంచు పడినట్లు తెల్లబడింది. వేలమంది జాలర్ల వేట ఆగిపోయింది. 2025 మే 25న ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ కేరళ తీరంలో మునిగినప్పుడు, కేరళ, తమిళనాడు ఒడ్డులకు ఇలాంటి గుళికలే కొట్టుకువచ్చాయి. అవి చేప గుడ్లలా కనబడతాయి. చేపలు, పక్షులు తింటాయి. ఎవరి చేతిలోనూ బాటిలో, సంచో కాకముందే అవి చెత్త అయిపోయాయి.

అయితే ప్లాస్టిక్ మానేద్దామా?

ఆస్పత్రి నడిపేవాళ్లం కాబట్టి, మేము ఆ మాట అనలేం. మా పెద్ద సిస్టర్లకు పాత రోజులు ఇంకా గుర్తున్నాయి. గాజు సిరంజీలు, సూదులు గిన్నెలో మరిగించి ఒకరి తర్వాత ఒకరికి వాడేవారు. మరిగించడం సరిగా జరగకపోతే ఒకరి జబ్బు ఇంకొకరికి అంటేది. హెపటైటిస్ బి, హెచ్ఐవి గురించి తెలిశాక, ఒకసారి వాడి పారేసే సిరంజి ఎంత అవసరమో అర్థమైంది. రక్తం నిల్వ చేసే ప్లాస్టిక్ సంచి, నెలలు నిండని బిడ్డకు పెట్టే సన్నని గొట్టం, ఇవి లేకుండా ఈనాటి వైద్యం లేదు. ప్రాణం కాపాడే చోట ఆ ఖర్చుకు అర్థముంది.

అర్థం లేని చోటు ఏదో కూడా మేము రోజూ చూస్తున్నాం. "డాక్టరు గారూ, నీరసంగా ఉంది, ఒక బాటిల్ ఎక్కించండి" అని అడిగేవారు ఎంతమందో! వాంతులు ఆగనివారికి, స్పృహ లేనివారికి, రక్తపోటు పడిపోయినవారికి, ఆపరేషన్ అయినవారికి సెలైన్ కావాలి. డాక్టరు చెప్పినప్పుడు దాన్ని వద్దనకూడదు. కానీ నోటితో తాగగలిగినవారికి వచ్చిన మామూలు నీరసానికి అది మందు కాదు. అర లీటరు సెలైన్‌లో ఉండేది నీళ్లు, సుమారు నాలుగున్నర గ్రాముల ఉప్పు. గ్లూకోజ్ బాటిల్ అయితే అర లీటరులో 25 గ్రాముల చక్కెర, అంటే 100 కేలరీల లోపు శక్తి. మూడు ఇడ్లీలు తింటే అంతకంటే ఎక్కువ వస్తుంది. విరేచనాలు అవుతుంటే, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టును లీటరు మంచినీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగితే చాలామందికి సరిపోతుంది.

అవసరం లేని ఒక్క సెలైన్‌కు ఒక బాటిల్, ఒక గొట్టం, ఒక సూది, ఒక సిరంజి, వాటి పైకవర్లు అన్నీ ఖర్చవుతాయి. మీ డబ్బు పోతుంది. సూది గుచ్చిన చోట వాపు, చీము వచ్చే ప్రమాదం ఉంటుంది. దాని వెనుక పైన చెప్పిన కథంతా ఉంటుంది.

తప్పు రోగులది మాత్రమే కాదు. అడిగారు కదా అని ఎక్కించేవాళ్లూ ఉన్నారు. మా సంగతి కూడా దాచడం లేదు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు, అలంకరణ థర్మోకోల్ వంటివి దేశమంతటా నిషేధించారు. ఆ తర్వాత కూడా కొంతకాలం మా క్యాంటీన్‌లో పాత ప్లాస్టిక్ గ్లాసులు వాడాం. ఇప్పుడు స్టీలు గ్లాసులు పెట్టాం. కడిగేవారికి పని పెరిగింది, అందుకు ఇంకో మనిషిని పెట్టుకున్నాం.

మీరు చేయగలిగినవి

1. డాక్టరు అవసరం లేదన్నప్పుడు సెలైన్, ఇంజెక్షన్ పట్టుబట్టి అడగవద్దు. మాత్రతో తగ్గేదానికి మాత్రే చాలు.

2. ఆస్పత్రికి వచ్చేటప్పుడు స్టీలు గ్లాసు, మంచినీళ్ల బాటిల్, క్యారేజీ తెచ్చుకోండి. వేడి సాంబారు, టీ ప్లాస్టిక్ సంచుల్లో కట్టించుకోవద్దు.

3. ఖాళీ సెలైన్ బాటిల్, గొట్టం, సూది తీసిన సిరంజి ఎర్ర సంచిలోనే వేయనివ్వండి. 2016 నాటి బయో మెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని ఆవిరితో శుద్ధి చేసి, ముక్కలు చేసి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వారికి పంపాలి. ఇంటికి తీసుకెళ్తే రోగక్రిములూ రావచ్చు.

4. ఇంట్లో ఇన్సులిన్ సూదులు గట్టి మూత ఉన్న డబ్బాలో దాచి, మందులకు వచ్చినప్పుడు మాకివ్వండి. ప్లాస్టిక్ గొట్టాలు, సంచులు పెరట్లో తగలబెట్టవద్దు. పీవీసీ కాలితే డయాక్సిన్ అనే విషపదార్థాలు పుడతాయి.

5. ప్రేమవిందులకు, పెళ్లిళ్లకు విస్తరాకులు, అరటాకులు, అద్దె స్టీలు గ్లాసులు వాడండి. సంఘానికి ఒకసారి వంద స్టీలు పళ్లేలు కొని పెట్టుకుంటే ఏళ్లపాటు వస్తాయి.

మామ్మగారు పోయిన వారం మనవణ్ణి మళ్లీ చూపించడానికి తీసుకొచ్చారు. పిల్లవాడు కులాసాగా ఉన్నాడు. ఇందులో రాసిందే మా సిస్టర్ ఆమెకు తేలిక మాటల్లో చెప్పింది. వెంకటాపురం మాట రాగానే ఆవిడ, "టీవీలో చూశాను తల్లీ, రోడ్డు మీద పడిపోయిన వాళ్లని. ఆ వస్తువు దీనికోసమేనా?" అని అడిగారు. ఈ బాటిల్ కోసం కాదనీ, దానికి చుట్టాల్లాంటి ప్లాస్టిక్ కోసమనీ సిస్టర్ చెప్పింది. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, పిల్లవాడికి ఈసారి బాటిల్ ఎక్కించాల్సిన పని లేదు కదా అని డాక్టరు గారిని అడిగి, లేదని చెప్పాక లేచారు.